మధ్యాహ్నానికి ఒక గడి

లాజేదు ఊరి విద్యుత్ సహకార సంఘంలో జెనొవేవా ఉద్యోగానికి ముప్పైయొక్క సంవత్సరాలు నిండాయి. ఏ వీధికి ఎంత లావు తీగ కావాలో, ఏ స్తంభం మీద ఎంతటి ట్రాన్స్‌ఫార్మరు నిలపాలో లెక్కకట్టి ప్రణాళిక రాయడం ఆమె పని. సన్నని మనిషి. మెడలో జపమాల, భుజాన తోలుసంచి. సంచిలో వోల్టేజీ కొలిచే మీటరు, నల్ల అట్ట వేసిన ప్రణాళిక పుస్తకం. ఉదయం దివ్యపూజ ముగించుకొని తిన్నగా కార్యాలయానికి వెళ్లేది. ప్రార్థనలో ఎంత నిష్ఠో పనిలోనూ ఆమెకంత నిష్ఠ అని ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె లోలోపల సంతోషించేది. ఆ సంతోషమే తరువాత ఒక సంవత్సరంపాటు ఆమె నోటికి గడియ పెట్టింది.

ప్రణాళిక రాసే పద్ధతి ఆమెకు పూర్వం నుంచీ వస్తున్నదే. ఆ ప్రాంతంలో ఎండలు నిప్పులు చెరిగే అక్టోబరు మాసంలో, సాయంత్రం ఏడు గంటలకు, ఇంటింటా సీరియలు మొదలై, స్నానాల గదుల్లో కరెంటు షవర్లు నీళ్లు కాచే వేళ, వీధి చివర నిలబడి కొలవాలి. ఆ గంటకు చాలిన కరెంటు తక్కిన ఏ గంటకైనా చాలుతుందని సంఘం విశ్వాసం. అందుచేత పుస్తకంలో ఒక్కొక్క వీధికి ఒకటే గడి ఉండేది: సాయంత్రం. మధ్యాహ్నం ఎవరూ కొలిచి ఎరుగరు. ఆ ఎండలో నిచ్చెన ఇనుము పట్టుకుంటే అరచేయి బొబ్బలెక్కుతుంది. పైగా ఊరంతా భోంచేసి ఒరిగే వేళ కొలవడానికి ఏముంటుంది?

పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం బెలర్మీను మేస్త్రీ ఆమె గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. దిగువ వీధిలో చిట్టచివరి ఇల్లు అతనిది. జెనొవేవా కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలిచినవాడు కావడంతో, ఆ ఊరి మర్యాద ప్రకారం అతను ఆమెను కొమాద్రి అనీ, ఆమె అతన్ని కొంపాద్రి అనీ పిలుచుకునేవారు.

"కొమాద్రీ, మా ఇంట్లో బల్బు చుట్ట కొస వెలిగినట్టుంటంది," అన్నాడతను. "ఆ వెలుతుర్లో మా ఆవిడకి చిక్కుడుగింజల్లో రాళ్లు కనపడ్డం లేదు. ఇంకో యేడు ఇట్టాగే గడిస్తే నా నోట్లో పళ్లుండవు. ఏదోటి చెయ్యి."

ఆమె వెళ్లి కొలిచింది. నూట ఇరవైయేడు ఉండవలసిన చోట నూట తొమ్మిది వోల్టులు మాత్రమే ఉంది. వీధి పొడవున తీగ మార్చాలి, లేదా దిగువన మరొక ట్రాన్స్‌ఫార్మరు నిలపాలి. రెండింటికీ సంఘం ఇప్పట్లో కాదన్నది. మిగిలిన ఉపాయం ఒకటే. ట్రాన్స్‌ఫార్మరు కడుపులో మెట్లుంటాయి. మరను ఒక మెట్టు పైకి తిప్పితే దాని కిందనున్న వీధులన్నిటికీ వోల్టేజీ కొంత పెరుగుతుంది. జెనొవేవా రెండు మెట్లు పైకి తిప్పించింది. ఆ సాయంత్రం దిగువ వీధిలో బల్బులు తెల్లగా వెలిగాయి. బెలర్మీను ఇంట చేసిన చీజ్ ముద్దను అరటాకులో చుట్టి తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. దిగువ వీధి స్త్రీలు జపమాల చివర ఆమె పేరు కూడా తలచుకోవడం ఆనాడే మొదలైంది.

ఆ తరువాత కప్పుల మీదికి సోలారు పలకలు వచ్చాయి. ముందు రొట్టెల బట్టీ యజమాని ఒజోరియు వేయించాడు. అతన్ని చూసి ఎగువ వీధి దుకాణాలవాళ్లు, ఆపైన దిగువ వీధిలో కలిగినవాళ్లు కొందరు. కాలువ నీరు తల నుంచి చివరి పొలానికి పారుతుందనుకొని గట్టు కట్టినవాడు, నడుమనున్న ప్రతి పొలంలోనూ ఊట పుట్టి కాలువలోకే పొర్లుతుంటే ఏమవుతుందో ఆలోచించి ఉండడు. పట్టపగలు ఇంట్లో వాడకం తగ్గి, కప్పు మీద పుట్టిన కరెంటంతా తీగలోకి ఎదురెక్కుతుంటే వీధి చివర వోల్టేజీ పైపైకి పోతుంది. జెనొవేవా పుస్తకంలో దానికి గడి లేదు.

లాజేదులో పవిత్ర శుక్రవారం నాడు ఎవరూ ఇల్లు ఊడ్వరు, తల దువ్వరు, గట్టిగా మాట్లాడరు. గుడి గంట కూడా మోగదు; దానికి బదులు టకటకమని మోగే చెక్క గిలక తిప్పుతారు. ప్రభువు సిలువపైన ఉన్న మూడు గంటలూ లోకాన్ని చీకటి కప్పిందన్న స్మరణతో, పన్నెండింటి నుంచి మూడింటి వరకు ఇంటింటా దీపం, పంఖా, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు అన్నీ కట్టేస్తారు. తాతల నాడు నూనెదీపం ఆర్పినవాళ్ల మనుమలు స్విచ్చి ఆర్పుతున్నారు. కప్పుల మీది పలకలకు మాత్రం ఆ వ్రతం తెలియదు.

క్రిందటి ఏడాది పవిత్ర శుక్రవారం నాడు ఆ మూడు గంటల్లో దిగువ వీధి మొత్తానికీ నడుస్తున్న యంత్రం ఒక్కటే: బెలర్మీనుకు ఊపిరి పోసే ఆక్సిజన్ యంత్రం. నలభై ఏళ్లు రాయి కొట్టిన మనిషి. ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో గూడుకట్టుకున్నది. ఒంటిగంట దాటాక యంత్రం లోపల చిటపటమన్నది, కమురు వాసన వచ్చింది, ఆగిపోయింది. అతని కూతురు ఇవొనేతి వీధిలోకి పరుగెత్తింది. ఒజోరియు రొట్టెల బండి తీసి, నలభై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రి నుంచి సిలిండరు తెచ్చేలోపల బెలర్మీను పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. బతికాడు. ఆసుపత్రివాళ్లు మరొక యంత్రం ఇచ్చారు.

ఆ వార్త వినగానే జెనొవేవాకు మొదట తోచినవి కప్పుల మీది పలకలు కావు, తాను తిప్పించిన ఆ రెండు మెట్లు. ఎవరికీ చెప్పలేదు. పండుగ తరువాత సంఘం సభ జరిగింది. తప్పంతా పలకలవాళ్లదని ఏకగ్రీవంగా తేల్చారు. దిగువ వీధిలో ఇకమీదట కొత్త పలకలకు అనుమతి లేదని తీర్మానించారు. సిలిండరు తెచ్చింది తానేనన్న మాట నోటిదాకా వచ్చినా ఒజోరియు తలవంచుకు కూర్చున్నాడు. జెనొవేవా తీర్మానాన్ని తన గుండ్రని అక్షరాలతో పుస్తకంలో ఎక్కించింది.

పవిత్ర శుక్రవారానికి ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే వారం ఇవొనేతి ఒక ఉత్తరం పట్టుకొని కార్యాలయానికి వచ్చింది. నాన్న యంత్రం కోసం నాలుగు పలకలు, ఒక బ్యాటరీ పెట్టించుకుంటామని ఆమె అర్జీ పెట్టుకున్నది. వీధిలో మధ్యాహ్నపు కరెంటు మితిమీరినందున వీలుకాదన్న జవాబు కింద జెనొవేవా సంతకం ఉంది.

"పిన్నీ, ఇందులో మధ్యాహ్నం అని రాశారు. మధ్యాహ్నం ఎంతుందో కొలిచే రాశారా?"

"లేదమ్మా."

"మరి ఏ లెక్కన కాదన్నారు?"

"తీర్మానం లెక్కన."

ఇవొనేతి ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. "ఆ రోజు నాన్నకి పలకలూ బ్యాటరీ ఉండుంటే నేను చెప్పుల్లేకుండా వీధిలో పడి అరవాల్సొచ్చేది కాదు. పైన పలకలున్నోళ్లకి ఉన్నాయి. చివర్నున్నోళ్లం మేమేగా, మా వంతుకే తీగ నిండిపోయింది." ఆమె గొంతు పెంచలేదు. కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయింది.

మరునాటి నుంచి జెనొవేవా తపస్సు కాలపు నియమంగా మధ్యాహ్నం భోజనం మానింది. మీటరు తీసుకొని పన్నెండింటికి దిగువ వీధి చివరి స్తంభం దగ్గర నిలబడేది. ఇనుము చేతిని కాల్చేది. ఆ మంటను ఆమె కాదనుకోలేదు. మామూలు రోజుల్లో నూట ముప్పైనాలుగు. ఆదివారాల్లో, కర్రల మిల్లు మూసి ఉండగా, నూట ముప్పైయెనిమిది. ఏ ఇంట్లోనూ వాడకమే లేని పవిత్ర శుక్రవారం నాడు ఎంత ఉండి ఉంటుందో లెక్కవేస్తే నూట నలభై అయిదు తేలింది. ఆ మెట్లను పాత చోటికి దింపితే ఎంతుంటుందో మళ్లీ లెక్కవేసింది. మధ్యాహ్నం సర్దుకుంటుంది, ఇవొనేతి నాలుగు పలకలకు కూడా చోటు మిగులుతుంది. అయితే సాయంత్రం మళ్లీ చుట్ట కొస వెలుతురే. రెండు పూటలూ నిలవాలంటే దిగువ వీధికి వేరే ట్రాన్స్‌ఫార్మరు నిలపక తప్పదు. పదకొండేళ్ల కిందట ఆ అవసరాన్ని మెట్లతో దాటవేసింది తానే.

సంఘం మేనేజరు వల్ఫ్రీదు ఆ కాగితాలను రెండుసార్లు తిరగేశాడు.

"జెనొవేవా గారూ, ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. గులాబీల దండ వేసి పంపిద్దామనుకుంటున్నాం. ఇప్పుడెందుకండీ ఇదంతా తవ్వుకోవడం?"

"పుస్తకంలో మధ్యాహ్నానికి ఒక గడి కావాలండి."

"గడి గీసుకోండి, ఎవరొద్దన్నారు. పాత సంగతి మాత్రం ఎత్తొద్దు. జనం పలకలవాళ్ల మీద కోపంగా ఉన్నారు. ఆ కోపం అక్కడే ఉండనివ్వండి. ఇటు తిప్పారంటే కార్యాలయం మీద పడుతుంది."

"కార్యాలయం మీద కాదండి. నా మీద పడుతుంది."

సభకంటె ముందు చెప్పవలసినవాడు ఒకడున్నాడు. ఆదివారం కాఫీ వేళకు ఆమె బెలర్మీను ఇంటికి వెళ్లింది. అతను కిటికీ పక్క మంచం మీద దిండ్లకానుకొని కూర్చున్నాడు. ముక్కులో గొట్టం, మంచం కింద గురకపెట్టే యంత్రం.

"కొంపాద్రీ, ఆ మెట్లు తిప్పించింది నేనే."

"తెల్సు. చీజ్ తెచ్చింది నేనేగా."

"అది కాదు. నీ యంత్రం మాడిపోయింది ఆ మెట్ల వల్లే. పలకలు ఒక్కటే అయితే అంత ఎక్కేది కాదు."

యంత్రం నాలుగైదుసార్లు బుసకొట్టింది.

"ఎప్పట్నించి తెల్సు నీకు?"

"ఆ రోజు నుంచే."

"ఏడాదిగా ప్రతి ఆదివారం వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటన్నావ్."

"కూర్చున్నాను."

"కాఫీలో చక్కెర చాల్లేదని వేయించుకున్నావ్ కూడా."

ఆమె తల ఎత్తలేదు. బెలర్మీను గొట్టం సరిచేసుకొని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పోగేసుకుంటూ అన్నాడు: "గోడ అడుగు వరస వంకరగా పడిందనుకో. పై వరసల్లో సున్నం మందంగా కొట్టి సర్దేయొచ్చు, ఎవడికీ తెలీదు. లేదంటే అడుగుదాకా ఊడబీకాల. నేను నా జీవితంలో రెండు గోడలు ఊడబీకాను. మూడోది ఊడబీకలేదు. అది ఎక్కడుందో చెప్పను. రోజూ దాని పక్కనే నడిచి పూజకెళ్తావు నువ్వు."

ఇవొనేతి కాఫీ తెచ్చింది. చక్కెర డబ్బా తండ్రి వైపు పెట్టి, "ఈసారి తనే వేసుకోమను," అని లోపలికి వెళ్లిపోయింది. జెనొవేవా ఆ కాఫీ చక్కెర లేకుండానే తాగింది.

పవిత్ర శుక్రవారం ఇంకా ఎనిమిది రోజులుందనగా, మట్టల ఆదివారానికి ముందు గురువారం సభ కూడింది. జెనొవేవా లేచి, ఏడాది కిందట రాయవలసిన మాటలను ఒకటొకటిగా చదివింది: మెట్లు ఎవరు తిప్పించారు, మధ్యాహ్నం ఎందుకు కొలవలేదు, తీర్మానం నాడు తానెందుకు మౌనం వహించింది. ఆ పైన చేయవలసిన పనులు చెప్పింది. పవిత్ర సోమవారం నాడు మెట్లు దింపాలి. దిగువ వీధికి వేరే ట్రాన్స్‌ఫార్మరు నిలపాలి. దానికి ఆరు మాసాలు పడుతుంది. అందాకా దిగువ వీధివాళ్లు సాయంత్రాలు మసక వెలుతురును ఓర్చుకోవాలి. కొత్త పలకల మీది నిషేధం తీసివేసి, ఇకమీదట రెండు పూటలూ కొలిచి చోటున్నంతవరకు అనుమతి ఇవ్వాలి. ఇంక ఈ పవిత్ర శుక్రవారం ఆ మూడు గంటలూ పలకలున్నవాళ్లు ఇంట్లో స్విచ్చిలతోపాటు, పలకల కరెంటును తీగలోకి పంపే ఇన్వర్టరు కూడా కట్టేయాలి.

దిగువ వీధి ముసలామె ఒకతె కూర్చున్నచోటు నుంచే అన్నది: "పదకొండేళ్లు నీ పేరు జపమాలలో చెప్పుకున్నామే తల్లీ. ఇప్పుడు మళ్లీ చీకట్లో కూర్చోమంటున్నావు."

"అవునమ్మా. ఆరు నెలలు కూర్చోమంటున్నాను."

ఒజోరియు లేచాడు. పెద్ద పొట్ట, కనుబొమల్లో ఎప్పుడూ పిండి. "ఏడాదిగా నా మీది కోపంతో జనం రొట్టె కూడా పక్క కొట్లో కొన్నారు. పోనీ. నాకర్థం కానిది ఒకటుంది. నా పలకలకి కూడా ఉపవాసమేనా? గుళ్లో విగ్రహాలకి కప్పినట్టు వాటికీ ఊదా గుడ్డ కప్పి, ముందర కొవ్వొత్తి పెట్టమంటావా?"

అందరూ నవ్వారు. నవ్వకుండా ఉన్నవాడు పాద్రి తిబూర్సియు ఒక్కడే. "చీకటిని ఆచరించాలనుకునేవాడు తన ఇంట్లో దీపం ఆర్పి, కప్పు మీది కరెంటును పొరుగువాడి మీద పొర్లిస్తే అది ఆచరణ కాదు," అన్నాడాయన. "ఆదివారం పూజలో నేనే ప్రకటిస్తాను."

చేతులెత్తించి లెక్కించారు. ఆమె ప్రతిపాదన స్వల్పమైన ఆధిక్యంతో నెగ్గింది. వల్ఫ్రీదు ఆమె వైపు చూడకుండానే కాగితం మీద ముద్ర వేశాడు. గులాబీల దండ మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

పవిత్ర శుక్రవారం పన్నెండు గంటలకు చెక్క గిలక తిరిగింది. ఊరు ఒక్కసారిగా శబ్దం లేనిదైపోయింది. జెనొవేవా బెలర్మీను గదిలో, యంత్రం తగిలించిన ప్లగ్గు పక్కనే మీటరు పెట్టుకొని కూర్చున్నది. అరగంటకు సరిపడే చిన్న సిలిండరు ఒకటి ఇవొనేతి ఒడిలో సిద్ధంగా ఉంది. మీటరు నూట ఇరవైయెనిమిది దగ్గర నిలబడింది. ఎండ ముదురుతున్నది. పన్నెండుంపావుకు నూట ముప్పై. ఆ తరువాత ముప్పైరెండు. పన్నెండున్నరకు ముప్పైనాలుగు అయింది, ఇంకా ఎక్కుతున్నది.

"ఎవరో కట్టెయ్యలేదు పిన్నీ," అన్నది ఇవొనేతి.

"ముప్పైఆరు దాటితే యంత్రం ప్లగ్గు లాగి సిలిండరు పెట్టు. నేను చూసొస్తాను."

ఆ రోజున పరుగెత్తకూడదని ఊరి నియమం. జెనొవేవా వడివడిగా నడిచింది. ఒక్కొక్క ఇంటి గోడకున్న ఇన్వర్టరు చూసుకుంటూ వెళ్లింది. అన్నిటి దీపాలూ ఆరి ఉన్నాయి. రొట్టెల బట్టీ ముందుకు వచ్చి తలెత్తి చూస్తే, కప్పు మీద ఒజోరియు మోకాళ్ల మీద ఉన్నాడు. చుట్టూ పిండి బస్తాలు విప్పి కుట్టిన దుప్పట్లు. సగం పలకల మీద పరచి, అంచులకు ఇటుకలు పెట్టాడు. చెమటతో పిండి కలిసి మొహం సున్నం కొట్టినట్టుంది.

"కట్టేద్దామని తిప్పితే పిడి ఊడి చేతిలోకొచ్చింది," అన్నాడతను గొంతు తగ్గించి. "ఊదా రంగువి దొరకలేదు. వీటితోనే సరిపెట్టుకోమను దేవుణ్ని."

ఆమె నిచ్చెన ఎక్కింది. ఇద్దరూ కలిసి తక్కిన సగమూ కప్పారు. పలకలు పెనంలా కాలుతున్నాయి. చివరి దుప్పటి సరిపోకపోతే ఒజోరియు తన చొక్కా విప్పి ఆ మూల మీద పరిచాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇవొనేతి చేయి ఇంకా ప్లగ్గు మీదనే ఉంది. మీటరు నూట ముప్పైఅయిదు వరకు వెళ్లి, దిగి, నూట ఇరవైతొమ్మిది చూపిస్తున్నది. యంత్రం గురక ఆగలేదు. బెలర్మీను కళ్లు మూసుకొని పెదవులు కదుపుతున్నాడు. జెనొవేవా గోడకు జారగిలి నేలమీద కూర్చున్నది. కాలిన అరచేతులు ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, మూడింటికి మళ్లీ గిలక తిరిగే వరకు అట్లాగే ఉండిపోయింది.

పొద్దు వాలాక ఊళ్లో దీపాలు వెలిగాయి. ఆ గదిలో బల్బు ఎర్రగా, నీరసంగా ఉంది.

"మళ్లీ చుట్ట కొస," అన్నాడు బెలర్మీను.

"ఆరు నెలలు, కొంపాద్రీ."

"ఇప్పుడు రాళ్లు తగిలినా ఊడ్డానికి పళ్లు లేవులే." అతను చేయి చాచాడు. "ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మరు స్తంభం ఎక్కడ పాతుతున్నావు? పటం చూపించు."

ఆమె నల్ల అట్ట పుస్తకం తెరిచి, ఎర్ర సిరాతో చుక్క పెట్టిన చోటు చూపించింది. పుటలో రెండు గడులు గీసి ఉన్నాయి. అతను పటాన్ని ఆ మసక వెలుతురులో ముక్కుకు దగ్గరగా పెట్టుకొని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అక్కడ జానెడు మన్ను, దాని కింద అంతా రాయి. నెలరోజులు కొడతారు, స్తంభం నిలవదు. ఆ బండ కొట్టే నేనీ గతికొచ్చాను." ఊపిరి కూడదీసుకొని, వేలితో కిటికీలోంచి చూపించాడు. "చింతపండు రంగు గేటుంది చూడు, దాని నుంచి ఆరడుగులు ఇవతలికి. అక్కడ లోతుదాకా మన్నే. రాసుకో."

జెనొవేవా కలం తీసింది. బొబ్బలెక్కిన వేళ్లతో పాత చుక్క కొట్టివేసి, అతను చెప్పిన చోట కొత్త చుక్క పెట్టింది. ఇవొనేతి వంటగదిలోంచి మూడు కప్పులు తెచ్చి, చక్కెర డబ్బాను ఈసారి జెనొవేవా ముందర పెట్టింది.